రుచి తెలియని పప్పు

కొంచెం ఆగండి. ఎక్కడికి పోతున్నా సరే, ఆ చెప్పులు అక్కడ విడిచి కాసేపు ఇలా కూర్చుని వినండి. నోరు తెరవమంటే తెరవడం ఎంతసేపు, పళ్ళ డాక్టరు దగ్గర తెరవమా ఏంటి, అని మీకు అనిపించొచ్చు. నివేదకి కూడా ఆ మంగళవారం సాయంత్రం దాకా అలాగే అనిపించేది.

మంగళవారం షిఫ్టు అయిపోయాక ఆడవాళ్ళంతా ఎప్పటిలాగే తలల మీది నెట్ టోపీలు తీసి, నీలం గ్లౌజులు డబ్బాలో పడేసి, మాస్కులు గడ్డం కిందికి లాక్కుని గేటు దగ్గరికి వచ్చారు. తిరువళ్ళూరు ఊరు దాటాక రైలు పట్టాలకి అవతలున్న చిన్న కంపెనీ అది. ఎక్కడో చలిదేశం నుంచి ఓడలో వచ్చిన హేజల్‌నట్లు గోనెసంచుల్లో అక్కడ దిగుతాయి. పిల్లలాడుకునే గోలీల్లా గుండ్రంగా, గోధుమరంగు పెంకుతో ఉంటాయి. మిషను పెంకు పగలగొడుతుంది, పప్పు బెల్టు మీద పడుతుంది, బెల్టుకి రెండు వైపులా నిలబడ్డ ఆడవాళ్ళు నల్లబడినవి, పురుగు తొలిచినవి, మధ్యలో కలిసిపోయిన పెంకుముక్కలు ఏరి పారేస్తారు. మిగిలిన మంచి పప్పు చాక్లెట్లు చేసేవాళ్ళకి పోతుంది. సంచి మీద ఏం రాసి ఉన్నా ఆడవాళ్ళ నోట్లో మాత్రం అది ఏసల్ కొట్టై, కొట్టై అంటే అరవంలో గింజ.

గేటు దగ్గర ఆ రోజు సూపర్‌వైజర్ శరత్‌కుమార్ నిలబడి ఉన్నాడు. పట్టాభిరామ్ అనే ఊరి మనిషి, పనిలోకి వచ్చి నెల కూడా కాలేదు, ఇస్త్రీ చొక్కా, చేతిలో స్టీలు టార్చ్. ఇన్ని సంచుల కాయకి ఇంత పప్పు రావాలని పైవాళ్ళు అంటున్నారు, రావట్లేదు, అంటే ఎవరో తింటున్నారు, అందుకని ఇవ్వాళ్టి నుంచి బయటికెళ్ళే ప్రతి మనిషీ నోరు తెరిచి చూపించాలి అని చెప్పాడు. బ్యాగులు చూడటం అందరికీ అలవాటే. నోరు అనేసరికి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. లైనులో ముందు నిలబడ్డ చెంచమ్మ, తిన్రవూరు నుంచి వచ్చే మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కాకు ఉండే మనిషి, నవ్వింది.

"నా నోట్లో ఏముంటాది సార్. మా ఆయన్ని తిట్టగా మిగిలిన తిట్లుంటాయి, చూసుకోండి" అంది.

లైనంతా నవ్వింది. శరత్‌కుమార్ నవ్వలేదు. టార్చ్ వెలిగించి, తల వంచి, ఆమె ఎర్రటి నోట్లోకి చూశాడు. నాలుక పైకెత్తమన్నాడు. ఎత్తింది. బుగ్గ లాగమన్నాడు. ఆమె వేలు పెట్టి బుగ్గ పక్కకి లాగింది, అంతే, లైనులో నవ్వు టక్కున ఆగిపోయింది. పెళ్ళిళ్ళయినవాళ్ళు, తల్లులైనవాళ్ళు, మనవలున్నవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి నోరు తెరిచి నిలబడుతున్నారు. సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడు కూడా ముందు దాని మెడ నిమురుతాడు. ఇక్కడ అదీ లేదు.

నివేద వంతు వచ్చింది. టార్చ్ వెలుగు కళ్ళలో పడి అతని మొహం కనపడలేదు, కదులుతున్న దవడ మాత్రం కనపడింది. ఏదో నములుతున్నాడు. ఊపిరి తగిలింది. ఆ వాసన నివేదకి తెలుసు, వేపుడు గదిలోంచి పొద్దంతా వచ్చే వాసనే. ఆఫీసు బల్ల మీద గాజు గిన్నె నిండా వేయించిన ఏసల్ పప్పు పెట్టి ఉంటుంది, వచ్చేపోయే పార్టీలకి రుచి చూపించడానికి. ఆ గిన్నెలోది నములుతూ ఇతను తన నోట్లో దాని ముక్క కోసం వెతుకుతున్నాడని ఆమెకి తెలిసొచ్చింది. "పో" అన్నాక కూడా నోరు మూయడం మరిచిపోయి రెండడుగులు అలాగే నడిచింది.

అసలు ఆ లైనులో ఎవరికీ ఏసల్ పప్పు రుచి తెలియదు. ఇది నిజం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేళ్ళ కింద వేలకి వేలు దొర్లుతుంటాయి గానీ ఒక్కటి నోట్లో పడదు. నివేద చేరిన కొత్తలో ఒకసారి అడిగింది, ఎలా ఉంటుందని. పక్కన నిలబడ్డ అమృతవల్లి చెయ్యి ఆపకుండా, కళ్ళు బెల్టు మీంచి ఎత్తకుండా చెప్పింది.

"రుచి తెలిసిందంటే చెయ్యి మన మాట వినదు పాపా. తెలవనంత వరకూ అది రాయి. రాళ్ళు ఏరతా ఉండామనుకో."

అమృతవల్లి నివేదకి వరసకి అత్త. తిరుత్తణిలో ఇద్దరిదీ ఒకే వీధి, మగ్గాల వీధి. ఈ పనిలోకి తీసుకొచ్చింది ఆవిడే, పని నేర్పిందీ ఆవిడే. పెంకుముక్కా పప్పూ ఒకే రంగులో ఉంటాయి, కంటిని నమ్మితే మోసపోతావు, వేలితో నొక్కితే పప్పు మెత్తగా జారుతుంది, పెంకు గోరుకి కొడుతుంది అని, మొదటి వారమంతా తన చేతిని నివేద చేతి మీద పెట్టి చూపించింది.

బుధవారం పొద్దున శరత్‌కుమార్ నివేదని ఆఫీసులోకి పిలిచాడు. కూర్చోమన్నాడు, అదే పెద్ద వింత. మగవాడు ఆడవాళ్ళ నోళ్ళలోకి చూడటం బాగాలేదని రాత్రి తన భార్యే తిట్టిందని చెప్పాడు. తనకి మాత్రం సరదానా, పైనుంచి ఒత్తిడి, పప్పు తగ్గితే తన ఉద్యోగం పోతుంది అన్నాడు. అతని కళ్ళ కింద నలుపు చూస్తే అబద్ధమనిపించలేదు. కాబట్టి ఆడమనిషే చూడాలి. నివేద బీకాం చదివింది, నలుగురిలో నోరు జారని పిల్ల. టార్చ్ ఆమె పట్టుకోవాలి. ఈ నెల పర్మనెంట్ చేసేవాళ్ళలో ఆమె పేరు ముందు పెడతాడు. పర్మనెంట్ అంటే ఈఎస్‌ఐ కార్డు, కార్డంటే ఇంట్లో వాళ్ళకి ఆసుపత్రి.

నివేదకి వెంటనే నాన్న పచ్చయ్యప్ప మోకాళ్ళు కనపడ్డాయి. ఆయన గుంటమగ్గం నేసేవాడు. ఇప్పుడు ఆ గుంటలోకి దిగాలంటే రెండు చేతులూ నేలకి ఆనించి, మొదట ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, నీళ్ళలోకి దిగేవాడిలా దిగుతాడు. ఎక్కడానికి ఎవరైనా చెయ్యి ఇవ్వాలి. డాక్టరు ఆపరేషన్ అన్నప్పటి నుంచి ఆయన డాక్టరు ఊసే ఎత్తడం మానేశాడు.

మగవాడు చూసేకంటే నేను చూడటం నయం కదా, అనుకుంది నివేద. అలా అనుకోవడం ఎంత సుఖంగా ఉందంటే, ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ టార్చ్ తీసుకుని కోటు జేబులో వేసుకుంది.

సాయంత్రం లైను నిలబడింది. టార్చ్ ఎవరి చేతిలో ఉందో చూసి ముందున్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు, అదే గుచ్చుకుంది. మనుషుల్ని ఇన్నాళ్ళూ మాస్కు పైన కళ్ళతో చూసింది, ఇప్పుడు నోళ్ళు చూస్తోంది. పుచ్చిన దంతాలు, ఊడిన చోట గుంటలు, ఒకామెకి చిగురులో పుండు, ఒకామె నోట్లో ఎవరికీ ఎప్పుడూ కనపడని బంగారు పన్ను. నాలుకలు వణికేవి. ఎవరి ఇంట్లో పొద్దున పచ్చడి అన్నమో, ఎవరు ఏమీ తినకుండా వచ్చారో తెలిసిపోయేది. ఒక మనిషి గురించి ఇంత తెలుసుకునే హక్కు తనకి ఎవరిచ్చారో నివేదకి అర్థం కాలేదు, కానీ చెయ్యి మాత్రం టార్చ్‌ని ఎడమ బుగ్గకీ కుడి బుగ్గకీ తిప్పుతూనే ఉంది. చెంచమ్మ వచ్చి నోరు తెరిచే ముందు చేతులు కట్టుకుంది.

"డాక్టరమ్మా, ఆ చివరి పన్ను పీకతా ఉండాది, మాత్ర ఏమన్నా రాసిస్తావా" అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అమృతవల్లి వచ్చింది, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది, నివేద చూసీ చూడనట్టు చూసి వదిలేసింది.

తిరుత్తణి వైపు రైల్లో ఆ సాయంత్రం కంపెనీ ఆడవాళ్ళు రోజూ కూర్చునే చోటే కూర్చున్నారు, నివేద పక్క సీటు మాత్రం ఖాళీగా వదిలేశారు. కడంబత్తూరు దాటాక అమృతవల్లి లేచి వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. టార్చ్ గురించి ఒక్క మాట అడగలేదు. సంచి మీద బొమ్మలో ఉన్న చెట్టు నిజంగా అలాగే ఉంటుందా, నీ సెల్లులో చూసి చెప్పు అని అడిగింది. ఆవిడకి ఆ చెట్టంటే ముందు నుంచీ ఒక ధ్యాస. నివేద ఫోన్ తీసి చూపించింది. చెట్టంటే ఒక మాను కాదు, నేలలోంచే పది కొమ్మలు గుబురుగా లేచాయి. కాయలకి ఆకుపచ్చ కుచ్చుల పావడ కట్టినట్టుంది. ఆకులన్నీ రాలిపోయి మంచు పడే రోజుల్లో ఇది పూస్తుందంట, పూత పిల్లి తోకల్లా వేలాడుతుందంట, గాలే పుప్పొడి మోస్తుందంట, చలి లేకపోతే కాయే కాయదంట అని నివేద చదివి చెప్పింది.

"అయితే మన ఊరికి రాదులే" అంది అమృతవల్లి. "మనకి చలి యాడ." కాసేపు ఆ బొమ్మనే చూసి, "చూడు, అంత చలిలో నోరు మూసుకుని పెంకులో కూర్చునుంటాది. దాని టైము వచ్చినాకనే తెరుచుకుంటాది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "రేపట్నుంచి నేనూ అంతే."

శుక్రవారం ఆడికృత్తిక. కొండ మీద సుబ్రహ్మణ్యస్వామికి కావళ్ళు ఎత్తే రోజు, చుట్టుపక్కల జిల్లాల జనమంతా తిరుత్తణిలోనే ఉంటారు. అమృతవల్లికి మొక్కు ఉంది. ఆవిడ మనవరాలు సింధూరకి నాలుగేళ్ళు నిండాయి, ఇంకా మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు, పిలిస్తే చూస్తుంది, నవ్వుతుంది, ఒక్క శబ్దం కూడా పలకదు. నా మాట నువ్వు తీసుకో సామీ, నా బిడ్డకి మాట ఇయ్యి అని మొక్కుకుంది. ముందు రోజు తెల్లవారి నోటికి పసుపుగుడ్డ కట్టుకుంటే, మర్నాడు కావడి కొండ మీద దించేదాకా విప్పకూడదు. మూడేళ్ళు అలా చెయ్యాలి. ఇది మూడో ఏడు.

"ముందు రోజు లీవు అడగొచ్చు కదత్తా" అంది నివేద.

"అడిగినా. లోడు దిగిందంట, రాకుంటే మెళ్ళో గేటు కార్డు ఇచ్చేసి పొమ్మన్న్యాడు. మాస్కు ఉంటాదిలే, లోపల గుడ్డ ఎవురికి కనబడతాది." ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టి చూపించింది. "గుడ్డ కట్టినాక ఆ నోరు నాది కాదు పాపా, సామిది. తినేది లేదు, పలికేది లేదు. అబద్ధం అయితే తలకాయ ఊపి కూడా చెప్పకూడదు. చెప్తే ఆ అబద్ధం సామి నోట్లోనించి వచ్చినట్టు."

ఇంటికి వెళ్ళాక నివేద నాన్నకి పర్మనెంట్ మాట చెప్పింది. పచ్చయ్యప్ప ముందు మొహం చేటంత చేసుకున్నాడు, తర్వాత పని ఏమిటో అడిగాడు. చెప్పింది. ఆయన మోకాలికి నూనె రాసుకోవడం మొదలుపెట్టాడు.

"మా షావుకారు నూలు తూకమేసి ఇచ్చేవోడు, చీర తూకమేసి తీసుకునేవోడు. మమ్మల్ని దొంగల్నిగానే చూసినాడు" అన్నాడు చివరికి. "కానీ నోరు తెరవమన్లా."

అంతే అన్నాడు. వద్దని అనలేదు. ఆ మోకాళ్ళతో ఎలా అంటాడు.

గురువారం పొద్దున రైల్లోనే పచ్చబట్టల జనం మొదలైపోయింది. అమృతవల్లి పసుపుచీర కట్టుకుని, మెడలో తులసిమాల వేసుకుని వచ్చింది. నోటికి అడ్డంగా పసుపుగుడ్డ, వెనక జుట్టు ముడి కింద గట్టిగా ముడేసుంది. రైలు దిగాక దాని మీద మాస్కు వేసుకుంది, టోపీ పెట్టుకుంది, లోపల నిలబడితే అందరిలాగే ఉంది. మధ్యాహ్నం అన్నం వేళ మిగతావాళ్ళు డబ్బాలు తెరుచుకుంటే ఆవిడ ఒక్కతే బయట గోడ నీడలో ఒదిగి కూర్చుంది.

ఆ వేళే జరిగింది అసలు సంగతి. అందరూ అన్నానికి వెళ్ళారు, బెల్టు ఆగి ఉంది. నివేద డబ్బా తెరవబుద్ధి కాక, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక, లోపలే ఉండిపోయింది. ఎదురుగా బెల్టు నిండా పప్పు, కిటికీలోంచి పడుతున్న ఎండలో తేనెరంగులో. సాయంత్రం అందరి నోళ్ళూ తను చూస్తుంది, తన నోరు ఎవరు చూస్తారు, అని ఒక ఆలోచన వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆకలి కాదు, ఆశ కూడా కాదు, పోనీ పొగరా అంటే అదీ కాదు. చెయ్యి మాస్కు పక్కకి జరిపింది, ఇంకో చెయ్యి ఒక పప్పు నోట్లో పెట్టింది.

మొదట ఏమీ లేదు. కొరికితే పటుక్కుమంది. పచ్చికొబ్బరిలా చప్పగా, తర్వాత పాలు కారినట్టు తియ్యగా, నమిలేకొద్దీ లోపలెక్కడో వానకి తడిసిన చెక్క వాసనలా ఏదో లేచి ముక్కు దాకా వచ్చింది. వేరుశనగ కాదు, జీడిపప్పు కాదు, ఇంతవరకు నాలుకకి తెలిసిన ఏదీ కాదు. పైపొట్టు మాత్రం చేదు. మింగేశాక నివేద నిలబడ్డ చోటే నిలబడిపోయింది. నేను తిన్నాను. ఈ లైను మొత్తంలో తిన్నది నేనే. నోరు చూసేదాన్ని నేనే. పరిగెత్తుకెళ్ళి కుళాయి దగ్గర పుక్కిలించింది, మళ్ళీ పుక్కిలించింది. వెనక దంతాల సందులో పొట్టు ముక్క ఒకటి ఇరుక్కుపోయింది, నాలుకతో తోసినా రాలేదు, గోరుతో గీకినా రాలేదు. మిగతా పూటంతా పెంకు ఏదో పప్పు ఏదో వేళ్ళకి తెలియలేదు. నాలుక పోయి పోయి ఆ పొట్టు మీదే ఆగేది.

సాయంత్రం గేటు దగ్గర ఆ రోజు శరత్‌కుమార్ కూడా వచ్చి నిలబడ్డాడు. మర్నాడు జిల్లాకి సెలవు, మళ్ళీ పని సోమవారమే, అందరికీ రైలు తొందర. నివేద పెదవులు బిగబట్టి, మాట్లాడకుండా, టార్చ్‌తో ఒక్కొక్కరికీ సైగ చేస్తూ పంపిస్తోంది. అమృతవల్లి వచ్చింది. మాస్కు కిందికి లాగింది. పసుపుగుడ్డ.

ఇదేంటి అన్నాడు శరత్‌కుమార్. ఇవతలికి వచ్చేసిన చెంచమ్మే వెనక్కి తిరిగి చెప్పింది, కావడి మొక్కు సార్, రేపు కొండ మీదనే విప్పాల అని. అతనికి తెలియని సంగతేం కాదు, అతని ఫోన్ వెనకాల కూడా మురుగన్ బొమ్మే ఉంది. ఒక్క క్షణం అతని చెయ్యి నమస్కారానికి లేవబోయి ఆగింది. తర్వాత గోడమీద కెమెరా వైపు చూశాడు.

"ఈరోజు ఈమెని వదిలేస్తే సోమవారం అందరూ గుడ్డ కట్టుకునే వస్తారు. విప్పమను" అన్నాడు నివేదతో.

అమృతవల్లి చేతులు జోడించి తల అడ్డంగా ఊపింది. అయితే తిన్నట్టే లెక్క, కార్డు అక్కడ పెట్టి పొమ్మన్నాడు. ఆవిడ తడబడలేదు. మెడలోంచి కార్డు తీసింది, తులసిమాలకి తాడు చిక్కుకుంటే నెమ్మదిగా విడదీసింది, సెక్యూరిటీ బల్ల మీద పెట్టింది. అంత సులువుగా పెట్టేసరికి అతనికే దిక్కు తోచలేదు. దిక్కు తోచని మనిషి గొంతు పెంచుతాడు కదా, అతనూ పెంచాడు.

"అందరూ చూసుకోండి. ఇన్నాళ్ళు పప్పు ఎక్కడికి పోతుందా అనుకున్నాం. దొంగ దొరికింది."

దొంగ. ఆ మాట నివేద చెవిలో కాదు, పంటి సందులో పడింది. అమృతవల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గుడ్డ తడిసింది. నాన్న మోకాళ్ళు గుర్తొచ్చాయి, గుంట అంచున ఆనించిన చేతులు గుర్తొచ్చాయి, అయినా నివేద నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సార్, ముందు నా నోరు చూడండి."

నీదెందుకు అన్నాడు.

"నాది ఎవురూ చూల్లేదు కదా, అందుకు."

లైనంతా ఇటు తిరిగింది. అతను విసుగ్గా నవ్వి, నేను చూడకూడదనే కదా నీకిచ్చింది, ఎవరైనా ఆడమనిషి చూడండి, త్వరగా కానివ్వండి అన్నాడు. నివేద టార్చ్ తీసుకెళ్ళి అమృతవల్లి చేతిలో పెట్టింది. దొరికిపోవాలనే అనుకుంది, నిజంగా, ఇంకే ఆలోచనా లేదు. దొంగ తనే అని తేలితే అత్త కార్డు అత్త మెడలోకి పోతుంది. కళ్ళు మూసుకుని, ఎంత తెరవగలదో అంత నోరు తెరిచింది.

మూసిన రెప్పల మీద వెలుగు ఎర్రగా పడింది. ఎడమ బుగ్గ. కుడి బుగ్గ. వెనక్కి పోయింది. ఆగింది. బెల్టు మీద ఇసుకంత పెంకునీ వదలని కళ్ళు అవి. వెలుగు ఇంక కదలలేదు. నివేద కళ్ళు తెరిచింది. అమృతవల్లి ఆ పొట్టునే చూస్తోంది. ఆమె మొహంలో కోపం లేదు, నిన్న రైల్లో మంచులో పూసే చెట్టుని చూసినప్పటి ఆశ్చర్యం లాంటిదే ఏదో ఉంది, అంతకంటే చాలా బరువైంది.

"ఏమ్మా, ఉందా లేదా? తలూపు చాలు" అన్నాడు శరత్‌కుమార్.

తలూపు చాలు. నిజంగా ఒక్కసారి తల అడ్డంగా ఊపితే చాలు. అమృతవల్లి ఊపలేదు. టార్చ్ ఆర్పి బల్ల మీద పెట్టింది. రెండు చేతులూ వెనక్కి పోయాయి, జుట్టు ముడి కిందికి. ముడి గట్టిగా ఉంది, వేళ్ళతో తడిమి, గోటితో లాగి, విప్పింది. వద్దత్తా అన్నట్టు నివేద చెయ్యి చాపింది. చెంచమ్మ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. గుడ్డ ఊడి వచ్చింది. పొద్దున్నుంచి బిగిసిన చోట రెండు బుగ్గల మీదా ఎర్రటి గీతలు. అమృతవల్లి ఆ గుడ్డని మడిచి నడుములో దోపుకుంది, అప్పుడు, సామిది కాకుండా పోయిన ఆ నోటితో, తన సొంత నోటితో చెప్పింది.

"ఏమీ లేదు సార్. శుభ్రంగా ఉండాది."

గొంతు బొంగురుగా వచ్చింది. తర్వాత తన నోరు తెరిచింది, అతని వైపు తిరిగి, వెడల్పుగా. చూసుకో అన్నట్టు. శరత్‌కుమార్ చూడలేదు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. సరే సరే, కార్డు తీసుకో, పోండి, రైలుకి టైమైంది అన్నాడు. మరేం చెయ్యాలో తెలియక టార్చ్ తీసి నివేద చేతిలో పెట్టాడు. నీలాంటి మనిషే కావాలి ఈ పనికి, ముందు తన నోరు చూపించే మనిషి, సోమవారం నుంచి నువ్వు పర్మనెంట్, నేను చెప్పేశాను అన్నాడు.

రోడ్డు మీద చెంచమ్మ ఆమె భుజం తట్టింది. నువ్వు మంచిదానివేలే డాక్టరమ్మా, అత్త కోసం నిలబడినావు, మేమే ఏదో అనుకున్న్యాం అంది. ఇంకొకామె బ్యాగులోంచి ఉసిరికాయ తీసి నివేద చేతిలో పెట్టింది. దెబ్బ తింటే ఓర్చుకోవచ్చు. ఆ ఉసిరికాయని ఎలా ఓర్చుకోవాలో నివేదకి తెలియలేదు.

రైలు కిక్కిరిసి ఉంది. కావళ్ళు, పూలు, విభూతి వాసన, పిల్లల ఏడుపులు, తలుపు దగ్గర డప్పు, ప్రతి స్టేషన్‌లోనూ అరోహరా అరోహరా. ఒకతను చెంపల్లోంచి సన్నటి వెండి శూలం గుచ్చుకుని నిలబడ్డాడు, అతనికి అందరూ జరిగి చోటిస్తున్నారు. అమృతవల్లికి కిటికీ పక్కన సీటు దొరికింది, నివేదని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. నడుములోంచి పసుపుగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని, మడత విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పుతోంది. ఇంట్లో కావడి కట్టి సిద్ధంగా ఉంటుంది. సింధూర గుమ్మంలో కూర్చుని ఉంటుంది. అవ్వ నోటికి గుడ్డ లేకపోతే ఆ పిల్ల ముందు చూసేది అదే. మూడో ఏడు. ఇంకొక్క రాత్రి, ఒక్క తెల్లవారు ఆగితే మొక్కు తీరిపోయేది.

నివేద ఏదో అనాలి. క్షమించు అంటే ఆ మాట ఎంత చిన్నది. ఎందుకు విప్పినావత్తా అని అడిగితే, ఆ జవాబు ఆమెకి ముందే తెలుసు, నిన్న ఇదే రైల్లో అత్తే చెప్పింది. తన కార్డు కోసం విప్పని ముడి, దొంగ అన్నా విప్పని ముడి, సామి నోటితో అబద్ధం చెప్పలేక నివేద కోసం విప్పింది. అరక్కోణం దాటి రైలు వంపు తిరిగింది, దూరంగా తిరుత్తణి కొండ మీద దీపాలు వరసగా వెలిగాయి, పెట్టెలో జనమంతా ఒక్కసారి లేచి దండం పెట్టారు. అమృతవల్లి లేవలేదు. గుడ్డ మీంచి కళ్ళెత్తి, చాలా మామూలుగా, బెల్టు దగ్గర అడిగినట్టు అడిగింది.

"ఎట్లుండాది పాపా?"

ఏందత్తా అంది నివేద.

"దాని రుచి. ఇన్నేండ్లుగా ఏరతా ఉండా, ఎవురూ చెప్పలే."

బ్యాగులో టార్చ్ ఉంది. సోమవారం దాన్ని వెలిగించాలి, ఆ లైనులో అత్త నోరు కూడా వచ్చి నిలబడుతుంది. పొట్టు ఇంకా పంటి సందులోనే ఉంది, చేదు తగ్గలేదు, దాని వెనక ఆ తీపి కూడా ఇంకా పోలేదు. అమృతవల్లి కళ్ళు ఆమె నోటి మీదే ఉన్నాయి, జవాబు కోసం. మీరే చెప్పండి. ఆ సీట్లో మీరుంటే ఏం చేస్తారు?